2009లో ఓ పాత రాక్ పాట బ్రిటన్ క్రిస్మస్ నంబర్ వన్ ఎలా అయింది?

క్రిస్మస్ నంబర్ వన్ అంటే క్రిస్మస్ వారపు పాటల చార్టులో మొదటి స్థానం. 2005 నుంచి నాలుగేళ్లు ఆ స్థానం టీవీ పాటల పోటీ 'ఎక్స్ ఫ్యాక్టర్' విజేతలదే. విసుగెత్తిన జాన్, ట్రేసీ మోర్టర్ దంపతులు, అమెరికన్ రాక్ బ్యాండ్ రేజ్ అగైనెస్ట్ ది మెషీన్ 1992 నాటి పాట 'కిల్లింగ్ ఇన్ ది నేమ్' కొనమని ఫేస్‌బుక్‌లో పిలుపునిచ్చారు.

కిటుకంతా తేదీల్లోనే ఉంది. అప్పట్లో చార్టు వారం ఆదివారం నుంచి శనివారం దాకా. తొందరపడి ముందే కొంటే ఆ అమ్మకం పాత వారం ఖాతాలోకి పోతుంది. 2007 నుంచి సీడీ విడుదల కాకున్నా డౌన్‌లోడ్లు లెక్కకొస్తున్నాయి కాబట్టే పాత పాటకు దారి దొరికింది. చివరికి సుమారు 5.02 లక్షల డౌన్‌లోడ్లు. ఆ ఏటి 'ఎక్స్ ఫ్యాక్టర్' విజేత జో మెకెల్డరీ పాటకు 4.5 లక్షలు. అతను మరుసటి వారమే మొదటి స్థానానికొచ్చాడు, అది వేరే సంగతి.

తమాషా ఏమిటంటే, రెండు పాటలూ సోనీ సంగీత సంస్థవే! 2014 నుంచి చార్టు లెక్కలో స్ట్రీమింగ్, అంటే ఆన్‌లైన్‌లో పాట వినడం కూడా కలుస్తోంది. అందుకే ఇప్పుడు ఒకసారి కొని ఊరుకుంటే చాలదు.