సస్పీరియా గొప్ప సినిమానా, రంగుల గోలా? మొదటిసారి నిద్రపోయినవాడి జవాబు

మీరు అడిగింది ఇదీ: 1977లో వచ్చిన ఇటాలియన్ హారర్ సినిమా సస్పీరియాని కొందరు నెత్తిన పెట్టుకుంటారు, కొందరు కథ లేని రంగుల గోల అని తీసిపారేస్తారు, ఎవరి మాట నమ్మాలి అని. నేను రెండు జట్లలోనూ ఉండి వచ్చాను కాబట్టి చెప్తాను.

మొదటిసారి ఈ సినిమా చూస్తూ నిద్రపోయాను. బీటెక్ మూడో ఏడు, హాస్టల్ గది, రాత్రి పన్నెండు దాటింది. రూమ్మేట్‌కి పొద్దున్నే ల్యాబ్ ఎగ్జామ్. వాడు లేస్తాడేమోనని సౌండ్ బాగా తగ్గించి, లాప్‌టాప్ బ్రైట్‌నెస్ కూడా తగ్గించి చూశాను. ఎక్కడి నుంచో దించుకున్న సబ్‌టైటిల్స్ మూడు సెకన్లు ఆలస్యంగా పడుతున్నాయి. ఒకమ్మాయి అరిచిన తర్వాత, ఎందుకు అరిచిందో కింద వస్తోంది. నలభై నిమిషాలకి కన్ను మూతపడింది. మర్నాడు అందరికీ "అదొక చెత్త, రక్తం బదులు పెయింట్ వాడారు" అని చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు తల్చుకుంటే, రంగు తగ్గించి, సౌండ్ తగ్గించి సస్పీరియా చూడటమంటే ఉప్పూ కారం తీసేసి ఆవకాయ తిని బాగాలేదనడం లాంటిది. కానీ అప్పుడు తెలియదు కదా.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. సూజీ అనే అమెరికన్ అమ్మాయి బ్యాలే నేర్చుకోవడానికి జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఒక డాన్స్ అకాడమీకి వస్తుంది. ఆమె వచ్చిన రాత్రే అక్కడి నుంచి పారిపోయిన ఒక విద్యార్థిని ఘోరంగా హత్యకి గురవుతుంది. ఆ స్కూల్ నడిపేవాళ్లు మామూలు మనుషులు కారని సూజీకి మెల్లగా తెలుస్తుంది. అంతే. ఇంతకంటే కథ లేదు, వెతక్కండి.

తిట్టేవాళ్ల మాటల్లో చాలావరకు నిజమే. డాన్స్ స్కూల్లో డాన్స్ వెతుక్కోవాలి. ఒకమ్మాయి ప్రాణభయంతో కిటికీలోంచి పక్క గదిలోకి దూకితే అక్కడ గది నిండా చుట్టలు చుట్టలుగా వైరు ఉంటుంది. డాన్స్ స్కూల్లో అంత వైరు ఎందుకుందో ఎవరూ చెప్పరు. మాటలకీ పెదాలకీ పొంతన ఉండదు. అప్పట్లో ఇటలీలో షూటింగ్‌లో మాటలు రికార్డు చేసేవాళ్లు కాదు, ఎవరి భాషలో వాళ్లు మాట్లాడేసి తర్వాత డబ్బింగ్ చెప్పించేవాళ్లు. డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి అది మనకి పెద్ద ఇబ్బంది కాదు. ఇంగ్లిష్ ట్రాక్ పెట్టుకుంటే సూజీ పాత్ర వేసిన జెస్సికా హార్పర్ సొంత గొంతే వినిపిస్తుంది.

నా అభిప్రాయం మారింది మ్యూనిక్‌లో. ఉద్యోగం మీద అక్కడ ఉన్నప్పుడు, పాత సినిమాలు వేసే ఒక చిన్న హాల్లో ఇది పడింది. రంగులు సరిచేసి కొత్తగా పునరుద్ధరించిన కాపీ. టీమ్‌లో ఒకాయన బలవంతం మీద వెళ్లాను. మొదటి సీన్‌కే నాకు దిమ్మ తిరిగింది.

ఆ సీన్ ఏంటో చూడండి. సూజీ ఎయిర్‌పోర్టులో సామానుతో బయటికి నడుస్తోంది. ఎదురుగా ఆటోమేటిక్ గాజు తలుపులు. ముందున్నవాళ్ల కోసం అవి తెరుచుకోగానే బయటి గాలివాన, దాంతోపాటే జోలపాటలా సన్నగా సంగీతం. తలుపులు మూసుకోగానే సంగీతం ఠక్కున ఆగిపోతుంది, మళ్లీ ఎయిర్‌పోర్టు రొద. ఇంకోసారి తెరుచుకుంటే మళ్లీ అదే పాట. అంటే ఆ సంగీతం సినిమాకి వేసిన నేపథ్య సంగీతంలా కాక, ఆ తలుపు బయట నిజంగానే కాచుకుని ఉన్నట్టు ఉంటుంది. ఆ తర్వాత కెమెరా తలుపు నడిపే మెషీన్‌ని దగ్గర్నుంచి చూపిస్తుంది. మామూలు ఇనుప ముక్క, కొట్టుకుని కదులుతుంది. ఒక్క మాట లేదు, దెయ్యం లేదు, చీకటి కూడా లేదు. నాకు మాత్రం మెడ మీద వెంట్రుకలు లేచాయి. హాస్టల్‌లో ఇదే సీన్‌ని నేను సౌండ్ లేకుండా చూశాను!

ఆ హాల్లో జనం కూడా రెండుగా చీలిపోయారు. ఒక చోట ఇద్దరమ్మాయిలు, 'ఎస్' అక్షరంతో మొదలయ్యే పేర్లు పాములవి అంటూ ఒకరి మీద ఒకరు బుసలు కొట్టుకుని నాలుకలు బయటపెడతారు. హాలంతా నవ్వింది. నా ముందు వరుసలో ఒక జంట ఇంటర్వెల్ లేని సినిమాకి తామే ఇంటర్వెల్ ఇచ్చుకుని వెళ్లిపోయారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం సీటు అంచు వదల్లేదు.

ఆ పిల్లచేష్టల డైలాగులకి కారణం నాకు తర్వాత తెలిసింది. దర్శకుడు డారియో అర్జెంటో మొదట ఈ కథని చిన్నపిల్లల బడిగా అనుకున్నాడు. అందరూ పన్నెండేళ్ల లోపు పిల్లలే. నిర్మాత ఎవరో కాదు, వాళ్ల నాన్న సాల్వతోరే అర్జెంటో. చిన్నపిల్లల్ని ఇలా చంపితే సినిమా బయటికి రాదు అన్నాడు. సరేనని వయసు పెంచి పెద్ద అమ్మాయిలని పెట్టాడు కానీ డైలాగులు పెద్దగా మార్చలేదు. సెట్లో తలుపుల పిడులు కూడా కావాలని పైకి పెట్టించాడు, తీయడానికి చెయ్యెత్తినప్పుడు వాళ్లు చిన్నపిల్లల్లా కనిపించాలని. ఈ ముక్క తెలిసి చూస్తే సినిమా మొత్తం వేరేగా కనిపిస్తుంది. ఇది డిటెక్టివ్ కథ కాదు, అమ్మమ్మ చెప్పే రాక్షసి కథ. రాక్షసి ఇంట్లో వైరు గది ఎందుకుంది అని అన్నం తినిపించుకుంటున్న పిల్లాడు అడగడు.

అసలు తికమకంతా ఇక్కడే ఉందని నా అనుమానం. అర్జెంటోకి అంతకుముందు పేరు తెచ్చినవి హంతకుడు ఎవరో కనిపెట్టే సినిమాలు. వాటిని అక్కడ 'జాల్లో' అంటారు, అంటే పసుపుపచ్చ. మొండాడోరి అనే ప్రచురణ సంస్థ 1929 నుంచి డిటెక్టివ్ నవలల్ని పసుపు అట్టలతో వేయడంతో ఆ పేరు స్థిరపడింది. మన అద్దె పుస్తకాల షాపుల్లో పాకెట్ నవలలు దొరికినట్టే అనుకోండి. అలాంటి సినిమాల లెక్కలో చూసినవాళ్లు ఇందులోనూ క్లూలు వెతుకుతారు. క్లూ ఉంది, మొదట్లోనే వానలో సగం వినపడీ వినపడకుండా ఒకటి పడేస్తాడు. కానీ దాని కోసం సినిమా తీయలేదు.

మరి దేనికోసం తీశాడంటే, రంగు కోసం. డిస్నీ స్నో వైట్ రంగులు తనకి కావాలని కెమెరామన్ లూచియానో టోవోలికి చెప్పాడట. టోవోలి బలమైన లైట్లకి రంగు గుడ్డలు అడ్డం పెట్టి, వాటిని నటుల ముఖాలకి బాగా దగ్గరగా తెచ్చాడు. ఆపైన ప్రింట్లు పాత టెక్నికలర్ పద్ధతిలో వేయించారు. అప్పటికే అది మూతపడే దశలో ఉన్న పద్ధతి. మూడు రంగులకి మూడు అచ్చులు తీసి, ఫిల్మ్ మీద ఒక్కో రంగూ విడిగా అద్దుతారు. పెడనలో గుడ్డ మీద అచ్చులు అద్దడం చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. అందుకే ఆ ఎరుపు వెలుగులా ఉండదు, పూసినట్టు ఉంటుంది. "రక్తం కాదు పెయింట్" అన్న నా కుర్రతనపు విమర్శ ఒకరకంగా కరెక్టే. కాకపోతే అది వాళ్లు తెలిసి చేసిన పని.

సంగీతం గాబ్లిన్ అనే ఇటాలియన్ రాక్ బ్యాండ్‌ది. అర్జెంటో షూటింగ్‌కి ముందే కొంత తయారుచేయించి, సెట్లో గట్టిగా మోగిస్తూ నటింపజేశాడు. గుసగుసలు, మధ్యలో ఊపిరాడనట్టు "విచ్" అనే కేక. వినపడేవాటిలో తబలా కూడా ఉంది, ఈసారి చెవి పెట్టండి. అయితే ఈ సంగీతం మీద నాకూ ఓ ఫిర్యాదు ఉంది. ఏమీ జరగని చోట కూడా ప్రాణం పోతున్నట్టు వాయిస్తారు. రెండో సగానికి చెవి అలిసిపోతుంది.

నాకు నచ్చనివి ఇంకా ఉన్నాయి. మొదటి పావుగంట అంత ఎత్తున ఉన్నాక సినిమా మళ్లీ ఆ ఎత్తుకి చేరదు. ముగింపు హడావిడిగా చుట్టేశాడు. మొదటి హత్యలో కత్తి గుండెలో దిగడం దగ్గర్నుంచి చూపించడం నాకు ఇప్పటికీ అనవసరం అనిపిస్తుంది. ఆడపిల్లల చావుని ఇంత అందంగా అలంకరించాలా అని అడిగేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు. సహరచయిత డారియా నికోలోడి ఆడమనిషే కదా అని వాదించేవాళ్లున్నారు. అది జవాబు కాదని నా ఉద్దేశం.

2018లో లూకా గ్వాదన్యీనో తీసిన కొత్త సస్పీరియా గురించి ఒక్క మాట. రంగులు తీసేశాడు, డాన్స్ పెట్టాడు, రెండున్నర గంటలు లాగాడు. మంచి సినిమానే కానీ కొత్తది చూసి పాతది చూసేశాననుకోవద్దు.

ఆ రాత్రి సినిమా అయ్యాక ట్రామ్ ఎక్కకుండా కోనిగ్స్‌ప్లాట్జ్ మీదుగా నడుచుకుంటూ వెళ్లాను. సినిమాలో గుడ్డి పియానిస్టు అర్ధరాత్రి కుక్కతో నడిచేది ఆ మైదానంలోనే. చుట్టూ గ్రీకు గుళ్లలాంటి భవనాలు, మధ్యలో అంతా ఖాళీ. దాక్కోడానికి చోటు లేకపోవడమే అక్కడ భయం. కుక్క ఏం చేస్తుందో చెప్పను. మధ్యలో ఒకసారి ఆగి వెనక్కి చూశానని మాత్రం ఒప్పుకుంటాను.

చూడాలనుకుంటే గదిలో లైట్లు తీసేసి, వీలైనంత పెద్ద తెర మీద, సౌండ్ పెంచి చూడండి. ఫోన్‌లో వద్దు. భోజనం ముందు పెట్టుకుని అసలే వద్దు. పెళ్లయ్యాక మా ఆవిడకి చూపిస్తూ నేను ఆ తప్పు చేశాను. సీలింగ్ నుంచి పురుగులు రాలే సీన్ వచ్చేసరికి తను కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పైన అటకలో నిల్వ పెట్టిన తిండి కుళ్లి పురుగులు పడ్డాయని స్కూల్‌వాళ్లు చెప్తే, పిల్లలంతా డాన్స్ హాల్లో పరుపులు వేసుకుని పడుకుంటారు. తను గుమ్మంలో నిలబడి, "హాస్టల్లో ఇన్ని పురుగులు పడితే ముందు వార్డెన్‌ని నిలదీస్తాం. నోరు మూసుకుని పడుకుంటామా?" అంది. ఆరేళ్లు లేడీస్ హాస్టల్లో ఉన్న మనిషి మరి.

కానీ లైట్లు ఆరి హాలంతా ఎర్రబడ్డాక తను వచ్చి మళ్లీ కూర్చుంది. మధ్యలో తెల్ల దుప్పట్లు తెరల్లా కట్టి ఉంటాయి. వాటి వెనక ఎవరో పడుకుని, ఈల వేసినట్టు బరువుగా గురక. ఊళ్లోనే లేదని స్కూల్‌వాళ్లు చెప్పిన స్కూల్ డైరెక్టరమ్మ గురక అదని ఒకమ్మాయి సూజీ చెవిలో చెప్తుంది. సినిమా అయ్యాక మా ఆవిడ తీర్పు: "కథ లేదు, ఆ పిల్లకి బుద్ధి లేదు, గోడలకి రంగులు వేసినవాడికి మాత్రం డబ్బులివ్వాలి." నెల తర్వాత ఓ రాత్రి కరెంటు పోయినప్పుడు మాత్రం, నిద్రలో ఉన్న నన్ను తట్టి లేపి, గురక పెట్టొద్దంది.