టీచరమ్మకో ఉత్తరం: ఈసారి అన్నీ డ్యాన్సు సినిమాలే

పోయిన నెల ఎవరికో జవాబిస్తూ మాటవరసకి 'ఫుట్‌లూజ్' అనే పాత ఇంగ్లీషు సినిమా పేరెత్తాను. ఇక చూడండి, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. విజయనగరంలో రిటైరై కూర్చున్న ఇంగ్లీషు టీచర్ని అడగాల్సిన ప్రశ్నలేనా ఇవి అని ఎడిటర్ గారు నవ్వారు. ఆయనకి తెలియందేమిటంటే, మా గర్ల్స్ హైస్కూల్లో ఏటా వార్షికోత్సవం డ్యాన్సులు నా నెత్తినే పడేవి. పాటల పెన్‌డ్రైవూ, పిన్నీసుల డబ్బా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండేవి.

టీచర్ గారూ, మా పాప పదో తరగతి. మీరు రాసింది చదివి ఆ పాత ఇంగ్లీషు సినిమా ఫోన్లో చూసింది. అప్పట్నుంచీ డ్యాన్సు క్లాసులో చేర్పించమని ఒకటే గోల. పరీక్షలయ్యాక చూద్దామని వాళ్ల నాన్నంటే, 'నువ్వూ ఆ సినిమాలో ఫాదర్ లాంటోడివే' అనేసింది. తండ్రీ కూతుళ్ల మధ్య మాటల్లేవు. గది తలుపేసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడుతోంది. మాకు పాట వినబడదు, కాళ్ల చప్పుడే వినబడుతుంది. ఇలాంటి సినిమాలు పిల్లల్ని పాడు చేస్తాయా? (ఓ తల్లి, చీపురుపల్లి)

అమ్మా, ముందు మీ ఆయనా మీరూ కూర్చుని ఆ సినిమా చూడండి. పాప తిట్టింది అసలు తిట్టో కాదో అప్పుడు తేలుతుంది.

1984లో వచ్చిన సినిమా అది. షికాగో నుంచి తల్లితో కలిసి ఓ చిన్న ఊరికి వస్తాడు రెన్ అనే కుర్రాడు. ఆ ఊళ్లో డ్యాన్సు నిషేధం. దాని వెనకున్నది ఊరి పాస్టరు. ఓ రాత్రి డ్యాన్సు నుంచి తిరిగొస్తూ ఆయన కొడుకు కారు ప్రమాదంలో పోయాడు. ఉన్న ఒక్క కూతురూ ఎదురు తిరుగుతోంది. ఇది గాల్లోంచి పుట్టిన కథేం కాదు. అమెరికాలో ఓక్లహామా రాష్ట్రంలో ఎల్మోర్ సిటీ అనే ఊళ్లో 1898 నుంచి డ్యాన్సు మీద నిషేధం ఉండేది. 1980లో హైస్కూలు పిల్లలు పట్టుబట్టి దాన్ని తీయించుకున్నారు.

మీ పాప గమనించిందో లేదో గానీ, ఆ పాస్టరు విలన్ కాదు. ఊరి జనం స్కూలు పుస్తకాలు తగలబెడుతుంటే వెళ్లి ఆపేది ఆయనే. పిల్లల్ని నమ్మడం మనం మొదలుపెట్టకపోతే వాళ్లు నమ్మదగ్గవాళ్లు ఎలా అవుతారని చర్చిలో అందరి ముందూ అడిగేదీ ఆయనే. ఊరి కౌన్సిల్లో రెన్ బైబిలు తెరిచి, దావీదు దేవుడి ముందు నాట్యం చేశాడని చదివి వినిపిస్తాడు. అయినా ఓట్లు రావు. అప్పుడు పిల్లలు ఊరి పొలిమేర దాటితే చాలని కనిపెట్టి, అవతల ఉన్న ధాన్యం మిల్లులో డ్యాన్సు పెట్టుకుంటారు. ఆ రాత్రి పాస్టరూ ఆయన భార్యా మిల్లు బయట గడ్డిలో నిలబడి, లోపలి పాట వింటూ తామిద్దరూ కాస్త ఆడతారు. 'ఫాదర్ లాంటోడివే' అన్నదానికి మీ ఆయన అంతగా నొచ్చుకోనక్కర్లేదు.

ఇక పాప సంగతి. స్టేజి వెనక ఏటా నేను చూసిందొకటి చెప్తాను. ఎనిమిదో తరగతి పిల్లలు ముందు వరస కోసం జడలు పట్టుకునేంత పని చేసేవారు. అదే పిల్లలు తొమ్మిదికొచ్చేసరికి 'టీచర్, నన్ను వెనక పెట్టండి' అని ఒక్కొక్కరే నా దగ్గరికొచ్చి గొణిగేవారు. ఏడాదిలో ఒళ్లు మారింది, అందరూ దాన్నే చూస్తారని బెంగ. ఓణీకి ఒక పిన్ను చాలుతుంది, నాలుగు పెట్టమనేవారు. పాట మొదలయ్యాక కూడా ఒక చెయ్యి స్టెప్పు వేస్తుంటే ఇంకో చెయ్యి ఓణీ సర్దుకుంటూ ఉండేది. అలాంటి వయసులో మీ పాప తనంతట తాను డ్యాన్సు నేర్చుకుంటానంటోంది. అంటే వెనక వరసలోంచి ముందుకొస్తానంటోంది. నాకైతే ముచ్చటేసింది.

పరీక్షలు మార్చిలో. అప్పటిదాకా ఆదివారం ఒక గంట ఇవ్వండి. ఇన్‌స్టిట్యూట్‌కి ముందు మీరే వెళ్లి, నేర్పేదెవరు, బ్యాచ్‌లో ఎంతమంది, ఏ వేళకి వదుల్తారు అన్నీ కనుక్కోండి. గది తలుపు తీయమని అడక్కండి. ఇయర్‌ఫోన్లు తీసేసి పాట బయటికి పెట్టుకోమనండి, చాలు.

మేడమ్, ఫుట్‌లూజ్ కొత్తది కూడా ఉందట కదా. పాతది చూడాలా, కొత్తది చూడాలా? (ఇంటర్ విద్యార్థి, బొబ్బిలి)

పాతదే. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను. ఈ రీమేకుల మీద నాకో అనుమానం చాన్నాళ్లుగా ఉంది.

కొత్తది 2011లో వచ్చింది. పాటలు చాలావరకు అవే, గోదాములో ఒంటరిగా కోపంతో ఆడే సీనూ ఉంది. మరి మారిందేమిటి? కొత్త సినిమా మొదలవడమే పార్టీతో, కారు ప్రమాదంతో మొదలవుతుంది. పాతదాంట్లో పాస్టరు కొడుకు సంగతి మనకి ఆలస్యంగా తెలుస్తుంది. అప్పటిదాకా ఆయన మీద పళ్లు నూరుతూ కూర్చుంటాం. తెలిశాక ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తోచదు. కొత్తదాంట్లో ఆ అవకాశమే లేదు. మొదటి సీన్లోనే తల్లిదండ్రుల కడుపుకోత చూసేశాక ఇంకేం కోప్పడతాం?

రెన్ విషయంలోనూ అంతే. పాత రెన్ తండ్రి ఇల్లు వదిలి పోయాడు. కొత్త రెన్ తల్లి జబ్బుతో చనిపోయింది. ఒకడిది కోపం, ఇంకొకడిది దుఃఖం. దుఃఖంలో ఉన్న పిల్లాణ్ని ఎవరైనా దగ్గరికి తీస్తారు. ఎందుకో చెప్పకుండా తలుపు ధడాలున వేసే పిల్లాడితోనే కదా మన తంటా అంతా! పదహారేళ్ల కోపానికి ప్రతిసారీ కారణం చూపించమంటే ఎక్కణ్నుంచి తెస్తారు?

పాత సినిమా వచ్చేనాటికి కొత్తదాని దర్శకుడు క్రెయిగ్ బ్రూవర్ పన్నెండేళ్ల కుర్రాడు. రీమేక్ తీసేనాటికి నలభైకి దగ్గరపడ్డాడు. చాలా రీమేకుల కథ ఇంతే. మొదటిసారి పిల్లల పక్షాన తీస్తారు. రెండోసారికి ఆ పిల్లలే అమ్మానాన్నలైపోయి ఉంటారు. 1987 నాటి 'డర్టీ డ్యాన్సింగ్' చూడు, కథంతా బేబీ అనే పదిహేడేళ్ల అమ్మాయి కళ్లతోనే నడుస్తుంది. 2017లో టీవీ కోసం మళ్లీ తీసినప్పుడు ఆ పిల్ల అమ్మానాన్నల కాపురంలో గొడవలొచ్చి చేరాయి. చివర్లో ఏళ్లు గడిచిపోయి, బేబీకే పెళ్లయి బిడ్డ ఉంటుంది. ఎవరడిగారు?

'ఫేమ్' సంగతి మరీ అన్యాయం. 1980 సినిమాలో లెరాయ్ అనే కుర్రాడు డ్యాన్సులో అగ్గిపిడుగు, కానీ చదవడం రాదు. క్లాసులో పైకి చదవమని టీచరమ్మ పట్టుబడితే వాడికొచ్చే కోపం చూడాలి. ఇంగ్లీషు టీచర్ని కాబట్టి ఆ సీన్లో నాకు కుర్చీలో ముళ్లున్నట్టే ఉంటుంది. స్క్రిప్టు చదివి న్యూయార్క్ విద్యాశాఖ వాళ్లు అసలు స్కూల్లో షూటింగుకి ఒప్పుకోలేదు. అంత ఘాటు. 2009 రీమేక్‌లో లెరాయూ లేడు, ఆ ఘాటూ లేదు. పాతదాంట్లో డ్యాన్సు టీచరుగా చిన్న పాత్ర వేసిన డెబ్బీ ఆలెన్, కొత్తదాంట్లో ప్రిన్సిపాల్ అయింది. ప్రమోషన్ మాత్రం బాగానే వచ్చింది.

రీమేకులన్నీ దండగ అనను. 'హెయిర్‌స్ప్రే' 1988లో సినిమాగా వచ్చి, తర్వాత బ్రాడ్‌వే నాటకమై, 2007లో మళ్లీ సినిమా అయింది. అయినా పస తగ్గలేదు. 1962లో బాల్టిమోర్, టీవీలో పిల్లల డ్యాన్సు షో, నల్ల పిల్లలకి నెలకి ఒక్కరోజే ప్రవేశం. పిల్లల కోపం ఎవరి మీదో అందరికీ కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. దాన్ని మెత్తబెట్టడం ఎవరి తరమూ కాలేదు.

టీచర్, ఆ సినిమాల్లో స్కూలు పిల్లలంతా మా లెక్చరర్ల వయసు వాళ్లలా ఉంటారేంటి? (డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం)

ఆ వయసు వాళ్లే మరి. ఫుట్‌లూజ్ విడుదలయ్యేనాటికి రెన్‌గా వేసిన కెవిన్ బేకన్‌కి 25. 'గ్రీజ్' అనే ఇంకో స్కూలు సినిమా తీసేటప్పుడు ఒలీవియా న్యూటన్ జాన్‌కి 28, స్టాకర్డ్ చానింగ్‌కి ఏకంగా 33. మన హీరోలు పుస్తకం ఒకటి చేత్తో పట్టుకుని కాలేజీకి వెళ్లిన వయసుల లెక్క తీస్తే వీళ్లు పసిపిల్లలే. అన్నట్టు, ఫుట్‌లూజ్ తీసిన పేసన్ హైస్కూలు పిల్లలు రమ్మని రమ్మని పిలిస్తే, బేకన్ 2024 ఏప్రిల్‌లో మళ్లీ ఆ స్కూలుకి వెళ్లాడు, 65 ఏళ్ల వయసులో.

మన తెలుగులో ఇలాంటి సినిమాలెందుకు రావు? మనకన్నా డ్యాన్సు పిచ్చి ఎవరికుంది? (ప్రైవేటు ఉద్యోగి, రాజాం)

పిచ్చి ఎక్కువైతేనే రావు బాబూ. మన సినిమాలో డ్యాన్సు లేనిదెక్కడ? హీరో పుట్టడమే స్టెప్పులతో పుడతాడు. నేర్చుకోవడం ఉండదు, తప్పు పడటం ఉండదు. ఫుట్‌లూజ్‌లో నాకు బాగా నచ్చింది హీరో కాదు, వాడి స్నేహితుడు విల్లర్డ్. మొద్దు, కాలు కదపడం రాదు. రెన్ వాడికి పొలం గట్టు నుంచి స్కూలు మైదానం దాకా ఎక్కడ దొరికితే అక్కడ నేర్పిస్తాడు. మన దగ్గర విల్లర్డ్ పాత్ర కమెడియన్‌కి ఇస్తాం, వాడికి ఎప్పటికీ రాకపోవడమే జోకు.

ఒకటి మాత్రం ఉంది మనకి, 'మయూరి'. పదహారేళ్ల వయసులో బస్సు ప్రమాదం వల్ల కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలుతో మళ్లీ స్టేజి ఎక్కిన సుధా చంద్రన్ కథ. తీసింది సింగీతం శ్రీనివాసరావు, నటించింది ఆవిడే. 1986లో హిందీలో 'నాచే మయూరి'గా రీమేక్ చేస్తే మళ్లీ ఆవిడే. ఇందాక నేను తిట్టిన రీమేకుల లెక్కలోకి ఇది రాదు. ఇక హిందీ 'డిస్కో డాన్సర్' తెలుగులో బాలకృష్ణతో 'డిస్కో కింగ్' అయింది. దాని గురించి ఎక్కువ చెప్పను, అభిమానులు కూడా ఈ పత్రిక చదువుతారు.

మన తప్పెటగుళ్ల బృందాలున్నాయి. రొమ్ముకి తప్పెట, కాళ్లకి గజ్జెలు కట్టుకుని ఎగురుతుంటే నేల అదురుతుంది. తండ్రి పక్కన నిలబడి అడుగు నేర్చుకునే పద్నాలుగేళ్ల కుర్రాడు, ఊరెళ్తే స్నేహితులు నవ్వుతారని గజ్జెలు సంచిలో దాచుకునే కుర్రాడు, వాడి మీద ఎవరైనా సినిమా తీస్తే మొదటి టిక్కెట్టు నాది.

అమ్మా, నేను గ్రామ పెద్దల్లో ఒకణ్ని. మా ఊరి అమ్మవారి సంబరాల్లో రికార్డింగ్ డ్యాన్సులు ఆపించాం. గొడవెందుకని సంక్రాంతికి స్కూలు ఆడపిల్లల డ్యాన్సులూ వద్దన్నాం. మా మనవరాలు ఇప్పుడు మాది ఆ సినిమాలో ఊరే అంటోంది. ఇది న్యాయమా? (పేరు వద్దన్నారు, టెక్కలి దగ్గర)

సగం న్యాయమే అండీ. రికార్డింగ్ డ్యాన్సు ఆపించారు, మంచిపని చేశారు. ఎక్కణ్నుంచో ఆడవాళ్లని డబ్బులిచ్చి తెచ్చి, తాగిన మగాళ్ల మధ్య అర్ధరాత్రి ఆడించడానికీ, మీ మనవరాలు సంక్రాంతికి కోలాటం వేయడానికీ సంబంధమేమిటి? చూసేవాళ్ల తప్పుకి ఆడేవాళ్లని ఇంట్లో కూర్చోబెట్టడం మన జిల్లాలకి కొత్త కాదు. 1892లో మా విజయనగరంలో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో సౌజన్యారావు పంతులు గారున్నారు కదా. ఎంత మంచివాడైనా, వేశ్య మొహం చూడనని భీష్మించుకున్న మనిషి. అసలు కేసుకి పనికొచ్చే సంగతి తెలిసిన మధురవాణి మగవేషం వేసుకుని ఆయన గడప తొక్కాల్సొచ్చింది.

వచ్చే సంక్రాంతికి సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి ముగించేయండి. ముందు కుర్చీలు తల్లులకి వేయించండి. తాగినవాణ్ని వెనక నుంచే పంపించే పని కమిటీది.

టీచర్ గారూ, నేను తొమ్మిదో తరగతి. నాకు డ్యాన్సంటే ప్రాణం. క్లాసులో ఆడంగి అని ఏడిపిస్తున్నారు. మా నాన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఇంట్లో చెప్పడానికి భయంగా ఉంది. (అబ్బాయి, పలాస)

నాన్నా, కూచిపూడిలో తరతరాలుగా ఆడింది మగాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా స్టేజి ఎక్కితే జనం కళ్లప్పగించి చూసేవారు. ఈ మాట చెప్తే నీ క్లాసువాళ్లు మారిపోతారని కాదు, నువ్వు తెలుసుకోవాలని చెప్తున్నాను.

2000లో వచ్చిన 'బిల్లీ ఎలియట్' అని ఒక ఇంగ్లండ్ సినిమా ఉంది. 1984లో బొగ్గుగని కార్మికుల సమ్మె జరుగుతున్న రోజులు. బిల్లీకి పదకొండేళ్లు, అమ్మ లేదు, నాన్నా అన్నా సమ్మెలో ఉన్నారు. బాక్సింగ్ నేర్చుకోమని పంపితే వాడు బ్యాలే క్లాసులో దూరతాడు. నాన్నకి తెలిసి ఇల్లు దద్దరిల్లిపోతుంది. క్రిస్మస్ రాత్రి హాల్లో స్నేహితుడితో ఆడుతుంటే నాన్న వచ్చి గుమ్మంలో నిలబడతాడు. బిల్లీ ఆగిపోతాడు. తర్వాత తప్పించుకోకుండా, నాన్న మొహంలోకి చూస్తూ మొత్తం ఆడేస్తాడు. ఆయన ఏమీ అనడు, బయటికి వెళ్లిపోతాడు. వెళ్లింది డ్యాన్సు టీచరమ్మ ఇంటికి. వాడి ఆడిషన్ ఖర్చుల కోసం సమ్మె విరిచి గనిలోకి వెళ్లడానికి కూడా సిద్ధపడతాడు, పెద్ద కొడుకు అడ్డుపడతాడు. భార్య నగలు అమ్ముతాడు.

మీ నాన్నగారు అలాగే చేస్తారని నేను మాటివ్వలేను. కానీ చెప్పడానికి మాటలు రాకపోతే ఆడి చూపించొచ్చు. ముందు అమ్మకి చూపించు. ఏడిపించేవాళ్ల సంగతి క్లాస్ టీచర్‌కి చెప్పు, పేర్లతో సహా. అది చాడీ కాదు. పది అయ్యాక మా విజయనగరంలో 1919లో పెట్టిన మహారాజా సంగీత, నృత్య కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలుగా పనిచేసిన చోటు, ఘంటసాల గారు చదువుకున్న చోటు. ఏ కోర్సులున్నాయో నాన్నగారిని తీసుకొచ్చి కనుక్కో. ఈలోగా ఉత్త సిమెంటు నేల మీద గంతులేయకు, మోకాళ్లు పోతాయి, చాపో దుప్పటో వేస్తే జారిపడతావు, మట్టి నేల వెతుక్కో. ఆ సినిమా మాత్రం ఒక్కడివే చూడకు, నిండా బూతులే. పెద్దవాళ్లెవరైనా పక్కన ఉండగా, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడు. వాళ్ల యాస నాకే సగం అర్థం కాలేదు.