చారన్నం మానిపించు, మాత్రలు నూరకు

రాజోలు,
గురువారం

చి.ల.సౌ. అమ్మడికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న నువ్వు ఫోనులో చెప్పినదంతా విన్నాను. వంటగది తలుపుకు అంటించుకుని చూసుకోవడానికి వీలుగా ఉంటుందని ఉత్తరంగా వ్రాస్తున్నాను. పక్షవాతం వచ్చిన మూడో వారానికే మీ నాన్న మంచం దిగి నాలుగడుగులు వేశాడంటే సంతోషించాను గాని, మాత్ర వేసుకోబోతే పొలమారుతున్నాడనీ, అందుకని మాత్రలన్నీ కలిపి కల్వంలో నూరి నీళ్ళతో పట్టిస్తున్నావనీ చెప్పేసరికి నా గుండె గుభేలుమంది. మీ మామయ్యకు నేను సరిగ్గా అదే పని చేసి, దాని ఫలితం అనుభవించినదాన్ని.

పొలమారితే మనం మాత్రను తప్పు పడతాం. మాత్రతో పాటు పోసిన నీళ్ళ సంగతి ఎవరికీ తట్టదు. గొంతులో అన్నం దిగే దారి, గాలి దిగే దారి పక్కపక్కనే ఉంటాయి. మింగే క్షణంలో గాలిదారికి మూత పడాలి. పక్షవాతం తరువాత ఆ మూత పడడం రెప్పపాటు ఆలస్యమవుతుంది. చిక్కటి పదార్థం అంతవరకూ ఆగుతుంది గాని నీళ్ళు ఆగవు. మనవాళ్ళకున్న ఇంకొక అలవాటు దీనికి తోడు: ఎంగిలి కాకూడదని చెంబు పైకెత్తి, తల వెనక్కి వాల్చి గొంతులో పోసుకోవడం. తల వెనక్కి వాలిస్తే గాలిదారి మరింత తెరుచుకుంటుంది. మా తమ్ముడు చిన్నప్పటినుంచీ అలాగే తాగుతాడు కనుక ఊరుకోడని నాకు తెలుసు. అయినా ఆ చెంబు దాచెయ్యి. అన్నీ చెంచాతోనే.

దగ్గు వస్తే భయపడుతున్నావు, మంచిదే. దగ్గు రాకపోతే ధైర్యపడుతున్నావు, అది మాత్రం పొరపాటు. కొందరికి పక్షవాతం తరువాత గొంతులో స్పర్శ తగ్గి, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గే రాదు. మీ మామయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు, దాహమన్నారని పడుకోబెట్టే రెండు గ్లాసుల నీళ్ళు పట్టించాను. ఒక్క దగ్గు కూడా రాలేదు. తాగిన తరువాత ఆయన గొంతు నీళ్ళలోంచి మాట్లాడినట్టు గురగురలాడింది. కఫమనుకున్నాను. మూడో రోజుకు జ్వరం, నెమ్ము, అంటే నిమోనియా. ఆ గురగుర శబ్దాన్ని నేనిప్పటికీ మరచిపోలేదు. కాబట్టి ప్రతి నాలుగు చెంచాలకూ మీ నాన్న చేత ‘ఆ’ అనిపించు. గొంతు తడిగా వినిపిస్తే ఆపి, గట్టిగా దగ్గించి, మరొకసారి మింగించు. అప్పటికీ తేటపడకపోతే ఆ పూటకు చాలించు.

అన్నిటికంటె ముందు, భీమవరంలోనో రాజమండ్రిలోనో మింగడాన్ని పరీక్షించే స్పీచ్ థెరపిస్టు ఉన్న ఆసుపత్రి ఏదో కనుక్కుని తీసుకువెళ్ళు. వాళ్ళు మాటలు నేర్పేవాళ్ళు మాత్రమేనని మీ అమ్మ అనుకుంటుంది. మింగడం కూడా వాళ్ళ పనే. అవసరమైతే బేరియం కలిపిన ముద్ద మింగించి ఎక్స్‌రేలో చూస్తారు, లేదా ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం దించి చూస్తారు. ఏది ఎంత చిక్కగా ఉండాలో, తల ఎటు తిప్పి మింగాలో అప్పుడే తేలుతుంది. గడ్డం ఛాతీవైపు వంచి మింగడం చాలామందికి మేలు చేస్తుంది గాని అందరికీ కాదు. వాళ్ళు చూసి చెప్పనీ. పక్షవాతం వల్ల వచ్చిన ఈ ఇబ్బంది చాలామందిలో కొద్ది వారాల్లో తగ్గుముఖం పడుతుంది కనుక, ఒకసారి చెప్పినదే శాశ్వతమనుకోక మళ్ళీ చూపించాలి.

ఇక తినిపించే తీరు. మంచం మీద దిండ్లకు ఆనించి కాదు, కుర్చీలో నిటారుగా, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టు. నువ్వు నిలబడి పెడితే ఆయన తల పైకెత్తవలసి వస్తుంది కాబట్టి నువ్వూ ఎదురుగా కూర్చో. టీ చెంచాకు మించి పెట్టకు. గొంతు ముందు పొడుచుకువచ్చే కంఠమణి ఒకసారి పైకి లేచి దిగడం కళ్ళతో చూసిన తరువాతే రెండో చెంచా. మొదట్లో నాకు తెలియక వేలు ఆనించి చూసేదాన్ని. వారం తిరిగేసరికి చూపుకే తెలిసిపోయింది. టీవీ కట్టెయ్యి, ముద్ద నోట్లో ఉండగా మాట్లాడించకు. మగతగా ఉంటే ఎంత ఆకలి వేళైనా పెట్టకు. తిన్నాక అరగంట పడుకోనివ్వకు. ఆయనకు కుడివైపు పడిపోయింది కదా, ఆ బుగ్గలో మెతుకులు ఆయనకు తెలియకుండానే నిలిచిపోతాయి. వేలికి తడిగుడ్డ చుట్టి తీసేసి, మెత్తని బ్రష్షుతో పళ్ళూ నాలుకా శుభ్రం చెయ్యి. శుభ్రం లేని నోటి ఉమ్మి లోపలికి జారినా నెమ్ము చేస్తుంది.

ఆహారం దగ్గరకు వస్తే, జబ్బు మనిషికి చారన్నం పెట్టాలన్న మన పద్ధతిని పక్కన పెట్టక తప్పదు. చారన్నంలో చారు ముందు పరుగెత్తుతుంది, మెతుకు నాలుక మీదే ఉండిపోతుంది. రెండు రకాలను ఒక్క నోట్లో సర్దుకోవడం బలహీనమైన నాలుకకు అన్నిటికంటె కష్టం. సాంబారులో ఇడ్లీ, నీళ్ళ మజ్జిగన్నం కూడా అంతే. అదే అన్నాన్ని జావయ్యేలా ఉడికించి, ముద్దపప్పు, కాస్త నెయ్యి వేసి మెదిపితే ఒకే ముద్దగా జారుతుంది. పొట్టిక్కను, అదే పనసాకుల బుట్టలో ఉడికించిన ఇడ్లీని, గడ్డపెరుగులో నలిపి పెట్టవచ్చు, ఒట్టిది మాత్రం పొడిపొడిగా రాలుతుంది. కొబ్బరి తురుము వద్దు, పనసపొట్టు కూర అసలే వద్దు. ముంజెలు నమలకుండానే జారిపోతాయి, పూతరేకు అంగిలికి అతుక్కుంటుంది. పులస కావాలని అడిగే రోజులు వస్తాయి. దాని ముళ్ళు మంచి గొంతుకే గండం, ఈ ఏటికి లేదని చెప్పెయ్యి.

నీళ్ళకు బదులు ఏది ఇవ్వాలన్నా ఎంత చిక్కగా ఉందో కొలవడానికి ఒక ఉపాయం ఉంది. సూది లేని 10 మి.లీ. సిరంజి తెచ్చి, లోపలి పిడి తీసేసి, కింద వేలు అడ్డం పెట్టి 10 గీత వరకూ పోసి, 10 సెకన్లు వేలు తీసి, మళ్ళీ మూసెయ్యి. మంచినీళ్ళయితే అంతా దిగిపోతుంది; మిగిలినది 4 నుంచి 8 మి.లీ. మధ్య ఉంటే ఒక మోస్తరు చిక్కన, 8 దాటితే బాగా చిక్కన. సిరంజీలన్నీ ఒకే పొడవు ఉండవు. సున్నా నుంచి 10 గీత వరకూ 61.5 మిల్లీమీటర్లు ఉన్నదే ఈ లెక్కకు పనికివస్తుంది. థెరపిస్టు చెప్పిన అంకెకు రాగిజావను సరిచేసి, ఉండలు లేకుండా వడకట్టి ఇవ్వు. ఇక్కడ నేను నెలరోజులు కనుక్కోలేని కిటుకు ఒకటుంది: నోట్లో పెట్టిన చెంచాను గిన్నెలో మళ్ళీ మళ్ళీ ముంచితే, ఉమ్మి తగిలి, సగం తినేసరికి జావ నీళ్ళలా పలచబడుతుంది. చిన్న గిన్నెలోకి కొంచెం కొంచెం తీసుకో. మందుల దుకాణంలో దొరికే చిక్కబరిచే పొడులలో గమ్ముతో చేసినవి ఇలా పలచబడవు. ఆయన కాఫీ కూడా అలా చిక్కబరిస్తేనే ఇవ్వాలి. రుచి లేదని తిడతాడు, తిట్టనీ. చిక్కటివి తాగేవాళ్ళు తక్కువ తాగుతారు కనుక మూత్రం రంగు గమనిస్తూ, వారానికొకసారి బరువు చూసుకో.

ఇప్పుడు మాత్రలు. మీ మామయ్యకు బీపీ మాత్ర రోజంతా కొంచెం కొంచెంగా కరిగేది ఇచ్చారు. దాన్ని నేను నూరి ఇవ్వడంతో రోజంతటి మందు ఒక్కసారే ఒంటికెక్కి, స్నానాలగది గుమ్మంలో కళ్ళు తిరిగి కూలబడ్డారు. ఆ డాక్టరుగారు నన్ను పెట్టిన చీవాట్లు నీకు తగలకూడదనే ఇదంతా. పట్టీ మీద పేరు పక్కన ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఎక్స్.ఎల్., ఈ.ఆర్., సి.ఆర్. అని ఉన్నవి నూరకూడదు, విరచకూడదు. ఈ.సి. అని ఉంటే కడుపులో కరగకుండా పేగులో కరిగేలా పూత వేశారన్నమాట. పాంటాప్రజోల్, పూత ఉన్న ఆస్పిరిన్ అటువంటివి. అక్షరాలు లేనంత మాత్రాన నూరవచ్చనీ కాదు. ప్రతి మాత్రకూ డాక్టరునో ఫార్మసిస్టునో అడుగు. చాలావాటికి సిరప్పో, నీళ్ళలో కరిగే రకమో, వేరే మందో దొరుకుతుంది. సిరప్పు కూడా పలచనిదేనని మరచిపోకు.

నూరవచ్చన్నవాటిని ఒక్కొక్కటే విడిగా పొడి చేసి, ఒక్క చెంచా గడ్డపెరుగులోనో మెదిపిన చక్రకేళి అరటిపండులోనో కలిపి, మందు అని చెప్పే ఇవ్వు. గిన్నెడు అన్నంలో కలిపితే, సగం వదిలేసినప్పుడు ఎంత మందు లోపలికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. మింగగలిగిన చిన్న మాత్రను నూరకుండానే ముద్దలో పెట్టి ఇవ్వవచ్చునేమో థెరపిస్టును అడుగు. పెరుగు అన్నిటికీ పనికిరాదు: థైరాయిడ్ మాత్ర పరగడుపునే వెయ్యాలి, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్కులు పాలు పెరుగులతో కలిస్తే ఒంటికి సరిగా పట్టవు. డాక్సీసైక్లిన్ గొంతు దిగువన అతుక్కుంటే పుండు కూడా పడుతుంది.

ముద్ద అడ్డుపడి మాట, దగ్గు, ఊపిరి ఆగితే నీళ్ళు పోయకు, కనబడనిదాని కోసం వేలు పెట్టకు. ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల నడుమ అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరిచి, పోకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డు పైభాగాన పిడికిలితో లోపలికి, పైకి 5 సార్లు నొక్కుతూ, రెండూ మార్చి మార్చి చేస్తుండగా మీ అమ్మ చేత 108 చేయించు. సాయంత్రాల్లో జ్వరం, ఆయాసం కనిపించినా ఆలస్యం చేయకు.

రేపు ఉదయమే ఫార్మసిస్టు దగ్గరకు పట్టీలన్నీ తీసుకువెళ్ళు. తినే మందు ఏదీ నీ అంతట నువ్వు ఆపకు. ఆదివారం చించినాడ వంతెన మీదుగా నేనే వస్తాను. సిరంజి ఒకటి, పొట్టి చెంచాలు నాలుగు తెస్తాను. నేను వచ్చేసరికి ఆ కల్వం అటక మీద ఉండాలి.

ఇట్లు,
మీ అత్తయ్య