ఏట్లో వేసినా ఎంచి వేయాలి

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. నాకు గ్రీన్‌కార్డ్ ఉంది. వచ్చే మార్చిలో జరిగే అమెరికా కాంగ్రెస్ ప్రైమరీలో (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలో) పోటీ చేస్తున్న ఒక ప్రోగ్రెసివ్ (వామపక్ష భావాలున్న) అభ్యర్థికి నెలకు 250 డాలర్లు పంపుతున్నాను. ఆమె గెలవదని అందరూ అంటున్నారు. మావారైతే బూడిదలో పోసిన పన్నీరేనంటారు. మా ఎమర్జెన్సీ ఫండ్ మూడు నెలలకే సరిపోతుంది. హెచ్1బీ మీద ఉన్న మా తమ్ముడు తన 500 కూడా నా పేరు మీదే వేయమంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు తమ్ముడి సంగతి. ఆ 500 ముట్టుకోకండి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు ఓటు లేకపోయినా విరాళం ఇచ్చే హక్కుంది. హెచ్1బీ వాళ్లు మాత్రం ఇక్కడ ఏ ఎన్నికకూ ఒక్క డాలరు ఇవ్వకూడదు. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద వేయడం మరో నేరం. రేపు సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాల్సినవాళ్లు మీరు.

ఇక మీ డబ్బు. ఇది చారిటీ కిందికి రాదు, ట్యాక్స్‌లో ఒక్క సెంటు కూడా తగ్గదు. మొత్తం 200 డాలర్లు దాటితే మీ పేరు, మీరు పనిచేసే కంపెనీ పేరు ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ రికార్డుల్లో ఎవరైనా చూడొచ్చు. అది మీకు ఇబ్బంది కాకపోతే సరే.

గెలవని వాళ్లకు ఇవ్వడం వృథా అని నేననను. ఎప్పుడు ఇస్తున్నామన్నదే ముఖ్యం. 2020లో కెంటకీ సెనేట్ సీటుకి డెమొక్రాట్ల తరఫున నిలబడిన ఏమీ మెక్‌గ్రాత్‌కి దేశం నలుమూలల నుంచి 9 కోట్ల డాలర్లకు పైగా వచ్చి పడ్డాయి. రిపబ్లికన్ సెనేటర్ మిచ్ మెకానల్ చేతిలో దాదాపు 20 శాతం తేడాతో ఓడిపోయారు. అంతకుముందు జూన్‌లో జరిగిన ప్రైమరీలో ఆమె మీద పోటీ చేసింది లూయీవిల్‌కి చెందిన ప్రోగ్రెసివ్ ఛార్ల్స్ బుకర్. చివరి వారాల దాకా ఆయన చేతిలో పెద్దగా డబ్బు లేదు. అయినా ఓడింది 3 శాతంలోపు తేడాతోనే. ఆ కోట్లలో పిసరంత ఫిబ్రవరిలోనే బుకర్‌కి అంది ఉంటే? ఆ లెక్క తలచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది. ఊరూపేరూ తెలియని అభ్యర్థికి మొదట్లో అందిన 250తో ఆఫీసు అద్దె కడతారు, ఇల్లిల్లూ తిరిగే కుర్రాళ్లకు జీతాలిస్తారు. టీవీల్లో పేరు మోగిపోయాక అదే 250 సముద్రంలో కాకిరెట్ట.

కాబట్టి నెలనెలా పంపడం ఆపేయండి. ఈ ప్రైమరీకి మొత్తం 1,000 అనుకుని, ఇప్పటిదాకా ఇచ్చింది అందులోంచి తీసేసి, మిగిలింది ఇప్పుడే ఒకేసారి ఇచ్చేయండి. తర్వాత ఆ 250 ఎమర్జెన్సీ ఫండ్ ఆరు నెలలకు చేరేదాకా అటే వెళ్లాలి. లేఆఫ్‌ల కాలంలో మూడు నెలలు చాలవు.

ఆ మధ్య ఒక దంపతుల పక్కన కూర్చుని వాళ్ల క్రెడిట్ కార్డ్ స్టేట్‌మెంట్ చూశాను. 10, 15, 25 చొప్పున పదకొండు మంది అభ్యర్థులకు నెలనెలా కట్ అవుతోంది. నలుగురి పేర్లు ఆవిడకు గుర్తే లేవు. మీరు డబ్బు పంపే పేజీలో ‘ప్రతి నెలా’ అన్న చోట ముందే టిక్ పెట్టి ఉందేమో చూసుకుని, ఉంటే తీసేసి, అప్పుడు బటన్ నొక్కండి. ఆ స్క్రీన్ ముందు మీవారిని కూడా కూర్చోబెట్టుకోండి అని మీకు చెప్పనక్కర్లేదనుకుంటా, డబ్బు ఇద్దరిదీ కదా.