నాన్నగారితో వాదించకండి, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి

నమస్కారమండీ. విశాఖ స్టీల్ ప్లాంటులో ఇంజనీరుగా రిటైరై కూర్మన్నపాలెంలో స్థిరపడిన మీ నాన్నగారు వాట్సాప్ ట్రేడింగ్ గ్రూపును నమ్మి లక్షలు పెట్టారని, లాభం చేతికి రావాలంటే ముందు పన్ను కట్టాలని వాళ్లు చెప్పడంతో మళ్లీ డబ్బు పంపబోతున్నారని, వద్దంటే కోప్పడుతున్నారని రాశారు. అది మోసమని చెప్పడానికి ఆ పన్ను ఒక్కటే చాలు. షేర్ల లాభంపై పన్నును మనమే ఆదాయపు పన్ను శాఖకు కడతాం. మన సొమ్ము మనకివ్వడానికి నిజమైన బ్రోకరెవరూ ముందుగా పన్ను అడగరు.

ఇంత చదువుకున్న మనిషి ఎలా నమ్మారని అడిగారు. ఇటువంటి ముఠాలు మొదట చిన్న మొత్తాన్ని నిజంగానే వెనక్కి ఇస్తాయి, గ్రూపులో లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టేవారూ తరచుగా వాళ్ల మనుషులే. ఒకసారి నమ్మాక, ఆ నమ్మకాన్ని సమర్థించుకునే కారణాలను తెలివైనవారు మరింత బాగా అల్లుకోగలరు. 1720లో సౌత్ సీ అనే ఇంగ్లండు వ్యాపార కంపెనీ షేర్లను లాభానికి అమ్ముకున్న న్యూటన్ అంతటివాడు, హెచ్చు ధరకు మళ్లీ కొని భారీగా నష్టపోయాడు.

అందుచేత దయచేసి ఆయనను నిందించకండి. పక్కన కూర్చుని, డబ్బు ఎవరి ఖాతాలకు వెళ్లిందో బ్యాంకు స్టేట్‌మెంటులో ఆయన చేతనే చదివించండి. బ్రోకరు పేరుండవలసిన చోట ముక్కూమొహం తెలియని వ్యక్తుల పేర్లు కనిపించవచ్చు. చాట్లను భద్రపరచి, ఈ రోజే 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు తెలిపి, నగర సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. ఆలస్యమయ్యే కొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది. ఆ తరువాత, పోయినదంతా రప్పిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే ఒక్క రూపాయి కూడా పంపనివ్వకండి.