సందేహాలు – సమాధానాలు: వ్యసనాన్ని పట్టుదలతో జయించవచ్చునా?

సందేహం: గురువుగారికి నమస్కారములు. నేను నెల్లిమర్ల ప్రాంతంలో తెలుగు ఉపాధ్యాయినిని. మా పిల్లలలో కొందరు కొండవెలగాడ నుంచి వస్తారు, బరువులెత్తడం సాధన చేస్తారు. వారికి చదివి వినిపించాలని, పాకిస్తాన్ క్రికెటర్ వసీం అక్రమ్ 2022లో వెలువరించిన ఆత్మకథ మీద ఒక చిన్న వ్యాసం రాశాను. ఆట విరమించిన తరువాత ఆయన కొకెయిన్‌కు అలవాటుపడడం, 2009లో భార్య హుమా చెన్నైలో కన్నుమూయడం, అక్కడితో ఆయన ఆ మత్తుకు దూరం కావడం అందులోని విషయం. చివరి వాక్యం ఇలా ఉంది: "భార్యావియోగాన్ని దిగమింగి, మాదకద్రవ్య వ్యసనాన్ని పట్టుదలతో జయించాడు." మా ప్రధానోపాధ్యాయులు ఇందులో రెండు తప్పులున్నాయన్నారు. వ్యసనమంటే సంస్కృతంలో ఆపద అనే అర్థమే గాని దురలవాటు కాదట. పట్టుదల అంటే పట్టుకొని ఉండడం కనుక, విడిచిపెట్టే సందర్భంలో ఆ మాట పొసగదట. 'పట్టుదలతో' అన్నది కొట్టివేసి 'సంకల్పబలంతో' అని దిద్దారు. ఏది ఒప్పో తెలుపగోరుతాను.

సమాధానం: అమ్మా, మీ ప్రధానోపాధ్యాయులు మొదటి అభ్యంతరంలో సగమే చూశారు. రెండవ అభ్యంతరంలో మాత్రం ఆయన ఒక మంచి చోట వేలు పెట్టారు. అయితే ఆయన సూచించిన దిద్దుబాటు వల్ల వాక్యం బాగుపడలేదు.

వ్యసన శబ్దంలో ఉన్నది 'అస్' ధాతువు. 'అసు క్షేపణే' అని ధాతుపాఠం, అంటే సంస్కృత ధాతువుల పట్టిక, చెబుతుంది. విసరడం, రువ్వడం దాని అర్థం. అస్త్రమన్న మాట దాని నుంచే వచ్చింది. దానికి 'వి' అనే ఉపసర్గ ముందు చేరితే చెదరగొట్టడం, చెల్లాచెదురు చేయడం అవుతుంది. మనిషిని అతని నెలవులో నిలువనీయక చెదరగొట్టేది ఏదైనా వ్యసనమే, అది పైనుంచి వచ్చిపడిన ఆపద కావచ్చు, లోపలి నుంచి పుట్టిన తగులాటం కావచ్చు. కౌటిల్యుడు అర్థశాస్త్రం ఎనిమిదవ అధికరణానికి వ్యసనాధికారికమని పేరు పెట్టి, రాజ్యానికి వచ్చే ఆపదలనూ రాజుకు అంటుకొనే జూదపానాదులనూ అక్కడే కలిపి చెప్పాడు. మనుస్మృతి కామం వల్ల పుట్టే వ్యసనాలు పది, క్రోధం వల్ల పుట్టేవి ఎనిమిది అని లెక్క కట్టింది. కనుక దురలవాటు అనే అర్థం తెలుగువారు కల్పించుకొన్నది కాదు. మన తిక్కన ఉద్యోగపర్వంలో "వెలది జూదంబు పానంబు వేట" అంటూ ఏడింటిని వరుసగా చెప్పిన పద్యం, పెద్దబాలశిక్ష చదివిన తరానికి కంఠస్థమే. ఇక ఆపద, దుఃఖం అనే అర్థం కూడా తెలుగులో చచ్చిపోలేదు. 'వ్యసనపడు' అంటే దుఃఖపడు అని నిఘంటువులు చెబుతాయి, పాత తరం పెద్దలు "పోయినదానికి వ్యసనపడి ఏం లాభం?" అని అనడమూ ఉంది. ఒకే మాట దుఃఖానికీ దురలవాటుకూ చెల్లుతున్నప్పుడు, రెండూ కలిసి వచ్చిన ఒక క్రీడాకారుని జీవితాన్ని చెప్పడానికి అంతకంటె తగిన మాట ఎక్కడ దొరుకుతుంది?

ఈ ధాతువును ఇంకొంచెం వెంబడిస్తే మీ వ్యాసానికి నేరుగా పనికివచ్చే సంగతి కనబడుతుంది. అదే 'అస్' ధాతువుకు 'అభి' చేరితే అభ్యాసం. ఒకే వస్తువు వైపు మనస్సును మళ్లీమళ్లీ విసరడం అభ్యాసం. 'సం', 'ని' అనే రెండు ఉపసర్గలు చేరితే సన్న్యాసం, అంటే పూర్తిగా కింద పెట్టివేయడం. అభ్యాసమూ వ్యసనమూ సన్న్యాసమూ ఒక తల్లి బిడ్డలే. వసీం అక్రమ్ జీవితం ఈ మూడు మాటల మీదుగానే నడిచింది. 1992 ప్రపంచ కప్పు చివరి పోటీలో, మెల్‌బోర్న్‌లో, వరుస బంతులకు అలన్ లాంబ్‌ను, క్రిస్ లూయిస్‌ను పడగొట్టిన ఆ ఎడమచేయి అభ్యాసం వల్ల సిద్ధించినది. 1997లో మధుమేహం ఉన్నట్టు తెలిసిన తరువాత కూడా ఆయన మరి ఆరేళ్లు ఆడి 2003లో విరమించాడు. పోటీలో దొరికే ఉద్వేగం ఆ తరువాత కరవై, దానికి బదులుగా తాను మత్తును వెతుక్కొన్నానని ఆయనే రాసుకొన్నాడు. మనస్సును ఒకచోటికి విసరడం నేర్చిన మనిషికి, విసరవలసిన చోటు లేకపోయేసరికి, ఆ బలమే చెదరగొట్టే బలంగా మారింది. వ్యుత్పత్తి తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం కలగదు. వేమన "తినగ తినగ వేము తియ్యనుండు" అన్నది సాధనను గురించే అయినా, తొలినాడు చేదుగా ఉన్న మద్యం రుచి మరిగే తీరుకు కూడా అక్షరాలా సరిపోతుంది.

ఇప్పుడు పట్టుదల సంగతి. ఇందులోని 'దల'కు శిరస్సుతో సంబంధం లేదు. పెరుగుదల, తగ్గుదల, మెరుగుదల అన్నచోట ఉన్న ప్రత్యయమే ఇది. విడుదలలోనూ అదే ఉంది, తమిళుల విడుతలైలోనూ అదే. పట్టుదలకు ఎదురుమాట రూపంలో కూడా విడుదలే. కాబట్టి ప్రధానోపాధ్యాయులవారి అనుమానం కొట్టిపారవేయదగినది కాదు. మా విజయనగరం తాలింఖానాలలో, అంటే వ్యాయామశాలలలో, వస్తాదులు పట్టు అన్న మాటను ఏ అర్థంలో వాడేవారో, కోడి రామ్మూర్తి నాయుడుగారి కాలం నుంచి నేటి దాకా కుస్తీ పట్టు అంటే ఏమిటో, మీ ప్రాంతం పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. పట్టు అంటే ఎదుటివాడు కదలకుండా బిగించడం. ఎవరు ఎవరిని బిగించారన్నది ఆ మాటలో లేదు.

ఈ విషయం పోతనగారికి తెలిసినట్టు మరొకరికి తెలియదని నా నమ్మకం. గజేంద్రమోక్షణ ఘట్టంలో పట్టుదల ఎవరిదో చూడండి. అందరూ ఏనుగుదే అనుకొంటారు. "కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచు" అన్న పద్యంలో ఇద్దరి లాగులాటా సమానంగానే కనిపిస్తుంది. కాని తరువాత మహాకవి ఒక పద్యంలో యోగీశ్వరుని లక్షణాలన్నీ తీసుకొనివెళ్లి మొసలికి తొడిగాడు. "పాదద్వంద్వము నేలమోపి పవనున్ బంధించి పంచేంద్రియోన్మాదంబున్ బరిమార్చి" నిలిచిన యోగీంద్రుని వలె "నక్రము విక్రమించె" నన్నాడు. కాళ్లు రెండూ నేలకు ఆన్చి, ఊపిరి బిగబట్టి, ఇంద్రియాల ఉన్మాదాన్ని అణచి, బుద్ధిని ఒకచోట నిలిపినవాడు యోగి. ఆ నిశ్చలతను కవి ఏనుగు కాలు పట్టిన జలచరానికి ఇచ్చాడు. ఏకాగ్రత, ఓర్పు, అలసట ఎరుగకపోవడం, ఇవన్నీ పట్టుకొన్నదానికి కూడా ఉండగలవని ఆయన ఇంత సూటిగా చెప్పగా, వ్యాఖ్యానాలు చెప్పేవారు ఆ పద్యాన్ని ఉపమాలంకారానికి ఉదాహరణగా చూపి ముందుకు సాగిపోతారు. నాకు అది బాధ కలిగిస్తుంది. వ్యసనమన్నది బలహీనత అని మనమంటాం. అనుభవించినవారిని అడగండి, అది మొసలి పట్టు అంటారు. దానికి వేళ అంటూ లేదు, అలుపు లేదు, ఉన్నది నీటిలో కనుక అక్కడ బలమంతా దానిదే.

ఏనుగు వేయేళ్లు పోరాడిన తరువాత ఏమంది? "లా వొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె" అంది. ఇక్కడ లావు అంటే బలం. నేటివారికి లావు అంటే స్థూలకాయం ఒక్కటే తెలుసు, ఇంత గొప్ప మాటను నడుము చుట్టుకొలతకు దించివేయడం భాషకు మనం చేసిన అన్యాయం. తన లావు చాలదని ఒప్పుకొన్న ఆ క్షణం నుంచే గజేంద్రుని కథ మలుపు తిరిగింది. మద్యం మానదలచినవారు కూడి ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘాలు 1935లో అమెరికాలో మొదలైనాయి. మద్యం ముందు మా శక్తి చాలదని ఒప్పుకోవడమే అక్కడ మొదటి మెట్టు. పోతన పద్యానికీ దానికీ సంబంధం కల్పించడం నా ఉద్దేశం కాదు. ఒకే నిజం రెండు చోట్ల రెండు భాషలలో పలికిందనడం వరకే నా మాట. ఈ దృష్టితో చూస్తే 'సంకల్పబలంతో' అన్న దిద్దుబాటు 'పట్టుదలతో' అన్నదానికంటె ఇంకా దూరం పోయింది. చాలదని మనిషి తెలుసుకొన్నది ఆ బలాన్ని గురించే.

అయితే పట్టుదల అన్న మాటను పూర్తిగా తోసివేయమంటారా? అనను. "పట్టు పట్టరాదు, పట్టి విడువరాదు" అన్న వేమన పద్యం మత్తు విషయంలో పనికిరాదు కాని, మానాలన్న నిశ్చయాన్నే పట్టుగా పట్టినవాడు పట్టుదల గలవాడే. మీ విద్యార్థులకు బరువులెత్తడంలో ఒక నియమం తెలిసే ఉంటుంది: తలమీదికి ఎత్తిన బరువును, దించమన్న సంజ్ఞ వచ్చేదాకా కదలకుండా నిలపాలి, వచ్చాక దించాలి, ముందే దించితే ఆ ఎత్తు చెల్లదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పుట్టి, 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయిన కరణం మల్లేశ్వరి కూడా ఆ నియమం కిందనే ఎత్తింది. నిలపడమూ దించడమూ రెండూ ఆటలో భాగమేనని వారికి చెబితే పట్టుదల, విడుదల అన్న జంట వెంటనే బోధపడుతుంది.

కాని ఈ సందర్భానికి నేను కోరే మాట వేరు. అది 'మాను'. తెలుగులో తాగుడు మానుతాం, గాయం మానుతుంది. మన జిల్లాల పల్లెల్లో "తాగుడు మానీసినాడు" అన్న నోటితోనే "పుండు మానిపోనాది" అంటారు. విడిచిపెట్టడానికీ నయం కావడానికీ ఒకే క్రియ. బ్రౌన్ నిఘంటువులో కూడా ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. దీనికి ప్రేరణరూపం 'మాన్పు'. వైద్యుడు పుండును మాన్పుతాడు, మేలుకోరేవారు చెడ్డ అలవాటును మాన్పుతారు. వసీం అక్రమ్ తన మార్పుకు కారణం హుమాయేనని, తెలియకుండానే ఆమె చేసిన చివరి మేలు అదేనని రాసుకొన్నాడు. ఆయన చెప్పని గెలుపును మనం ఆయనకు అంటగట్టడం దేనికి? ఆమె మాన్పింది, ఆయన మానాడు. ఇంత సహజమైన క్రియ ఇంట్లో ఉండగా 'జయించాడు' అనే మాట వీరగాథల నుంచి ఎందుకు తెచ్చుకోవాలి? వాడుకభాషను చెవి పెట్టి వినమని గిడుగువారు పుట్టిన ఉత్తరాంధ్రవాళ్లం మనం, మన వీధిలో వినిపించే క్రియను వ్యాసంలోకి రానీయకపోవడం తగదు.

ఇదే సందర్భంలో రెండు వాడుకల మీద నా అసమ్మతి తెలుపుతాను. "మత్తుకు బానిసై" అన్నది ఇప్పుడు ప్రతి వార్తలోనూ అచ్చుదిమ్మెలా వాడుతున్నారు. బానిసత్వంలో మరొక మనిషి చేసిన దౌర్జన్యం ఉంది. ఆ మాటను ఇంత చవకగా వాడడం నాకు ఇష్టం లేదు. "మత్తుకు మరిగి" అనండి, "మత్తు తగులుకొని" అనండి. తిక్కన ఆ ఏడు వ్యసనాలకూ "జనదు తగుల" అనే అన్నాడు, దెబ్బ తగిలిందన్నప్పుడు ఉన్న క్రియ కూడా అదే. రెండవది 'వ్యసనపరుడు'. 'పర' అంటే దానియందే నిష్ఠ గలవాడని అర్థం. అది మాని పదేళ్లు గడిచినవాణ్ణి కూడా ఆ పేరుతో పిలవడం తప్పు, ఇంకా మానలేక పెనుగులాడుతున్నవాణ్ణి పిలవడం దయలేనితనం. పెనుగులాడేవాడు దానియందు నిష్ఠ గలవాడెలా అవుతాడు?

'దిగమింగి' అన్న మాటను కూడా మార్చండి. దుఃఖాన్ని దిగమింగడం లోపలికి తోసివేయడం, దానివల్ల గాయం మానదు. ఈమధ్య పత్రికలు ట్రామా అని రాస్తున్నది దెబ్బ, గాయం, గుండెకోత అన్న మాటలతో చాలావరకు తీరుతుంది. వైద్యపరమైన వివరం అవసరమైన చోట 'మానసిక ఆఘాతం' అనవచ్చు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "భార్యను పోగొట్టుకొన్న దుఃఖంలో, ఆమె మాన్పగా, మత్తు మానాడు." 'పట్టుదల' ఉండి తీరాలని మీకు అనిపిస్తే, "మానాలన్న పట్టుదల పట్టాడు" అనండి, అప్పుడు ప్రధానోపాధ్యాయులకు కూడా అభ్యంతరం ఉండకపోవచ్చు. 'వ్యసనాన్ని పట్టుదలతో జయించాడు' అన్నది వ్యాకరణరీత్యా తప్పని నేననను. లోకంలో వాడుక ఉన్నది, నిలుస్తుంది కూడా. నాకు మాత్రం రుచించదు.