జలుబు తగ్గినా వాసన తిరిగి రావట్లేదా? ఆవిరితో పని కాదు

జలుబు పోయి రెండు నెలలైంది, ముక్కు ఫ్రీగానే ఉంది, అయినా పోపు వాసన కూడా తెలీట్లేదంటున్నారు కదా అక్కా, చాలావరకు వైరస్ వల్ల ముక్కు పైభాగంలో వాసన పట్టే పొర దెబ్బతినుంటుంది. ఆవిరి దిబ్బడకే, దీనికి కాదు.

దీనికి చేసేది స్మెల్ ట్రైనింగ్, 2009లో జర్మనీలో హుమ్మెల్ అనే డాక్టర్ టీమ్ చేసి చూపించింది.

1. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి నూనెలు నాలుగు చిన్న సీసాల్లో దూది మీద వేసి పెట్టుకోండి. గులాబీకి చార్మినార్ దగ్గర అత్తరు షాపుల్లో అడగండి.

2. పొద్దున, రాత్రి ఒక్కోటి 20 సెకన్లు మెల్లగా పీల్చండి.

3. అందరూ వదిలేసేది ఇదే. ఊరికే పీల్చి పక్కన పెట్టేస్తారు. లవంగం సీసా పట్టుకున్నప్పుడు కళ్ళు మూసుకుని, లవంగం వాసన ఎలా ఉండేదో, అమ్మ బగారా అన్నం వండినప్పుడు ఇల్లంతా ఎలా ఉండేదో గట్టిగా గుర్తు తెచ్చుకోవాలి, ఏమీ తెలీకపోయినా సరే.

4. కనీసం 12 వారాలు. మా అమ్మ మూడో వారంలో మానేస్తానంది, బతిమాలి చేయించా, మూడో నెలలో ముందు నిమ్మ తెలిసింది. మధ్యలో వాసనలు వింతగా, కాలినట్టు అనిపిస్తే భయపడకండి, చాలామందికి అలా అవుతుంది.

ఒకవైపే ముక్కు మూసుకుపోయినా, రక్తం వచ్చినా, తలకి దెబ్బ తగిలాక వాసన పోయినా ఆగకుండా ఈఎన్‌టీకి చూపించండి, కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. పాలిప్స్ (ముక్కు లోపల పెరిగే మెత్తటి కండ) ఉంటే స్టెరాయిడ్ స్ప్రే వాళ్ళే రాస్తారు, సొంతంగా కొనొద్దు.

రాత్రి పడుకునేముందు గ్యాస్ రెగ్యులేటర్ తప్పకుండా ఆపండి, లీకైనా మీకు తెలీదు.